ఆస్ట్రేలియా రోడ్డు మీద అమెరికా మలుపులు

నాకు అమెరికా వీసా రెండుసార్లు రాలేదు. తప్పు వాళ్ళది కాదు, నా నోటిది. ఒంగోలు కాలేజీలో ముప్పై ఏళ్ళు అమెరికా చరిత్ర పాఠం చెప్పినదాన్ని. కిటికీ అవతలి ఆఫీసరు "ఎందుకు వెళ్తున్నారు?" అని ఒక్క ముక్క అడిగితే నేను వాళ్ళ అంతర్యుద్ధం దగ్గర మొదలుపెట్టాను. బానిసత్వం రద్దయ్యే దాకా వచ్చేసరికి నా వెనక లైను బారెడయింది. రెండోసారి బుద్ధిగా ఉందామనుకునే వెళ్ళాను. ఆయనేమో నా ఉద్యోగం ఏమిటని అడిగాడు. ఇంకేముంది!

అలాంటి నేను మొన్న అమెరికా చరిత్రలోని మలుపులు నాలుగింటిని కళ్ళారా చూసొచ్చాను. ఎక్కడనుకున్నారు? ఆస్ట్రేలియాలో. నవ్వకండి. పాఠం చెప్పేటప్పుడు మనం పుస్తకం మూసేస్తాం గానీ, ఒక దేశంలో జరిగిన గొడవ ఆ దేశం సరిహద్దు దగ్గర ఆగదు.

సన్నీబ్యాంక్: నూడుల్స్ ముందు ఒప్పందం

మా చెల్లెలు సుజాత, మరిది రవి, వాళ్ళ పదిహేనేళ్ళ అమ్మాయి మేధ బ్రిస్బేన్ పక్కన స్ప్రింగ్‌ఫీల్డ్ లేక్స్‌లో ఉంటారు. సాయంత్రం అక్కడి చెరువు చుట్టూ నడిస్తే ఎవరో ఒకరు తెలుగులో ఫోను మాట్లాడుతూ ఎదురొస్తారు. రోడ్డు మీద హారన్ మోగదు. మొదటి రోజు ఆ నిశ్శబ్దానికి నాకు చెవులు పనిచేస్తున్నాయా అని అనుమానమొచ్చింది.

దిగిన మర్నాడే పరువు పోగొట్టుకున్నాను. పక్కింటి పెద్దాయన కంచె మీంచి పలకరించి, "సీ యూ దిస్ ఆర్వో!" అన్నాడు. మా ఒంగోల్లో ఆర్వో అంటే ఆర్వో ప్లాంటు మంచినీళ్ళు. ఎంత మంచివాడో, అడక్కుండానే నీళ్ళు తెచ్చిపెడతానంటున్నాడని రెండు పెద్ద గిన్నెలు కడిగి గుమ్మంలో పెట్టాను. మూడింటికి ఆయన సంచినిండా నిమ్మకాయలతో వచ్చాడు. గిన్నెల వంక చూశాడు, నా వంక చూశాడు, కాయలు వాటిలో పోసి దణ్ణం పెట్టి వెళ్ళిపోయాడు. ఆర్వో అంటే వీళ్ళ భాషలో మధ్యాహ్నం పూటట. మేధ సోఫాలో పడి దొర్లి దొర్లి నవ్వింది.

ఆ పిల్ల నవ్వడం ఆ ఇంట్లో చాలా రోజుల తర్వాత అదే మొదటిసారి అని నాకు సన్నీబ్యాంక్ వెళ్ళాక గానీ తెలియలేదు. సన్నీబ్యాంక్ అంటే చైనా, తైవాన్, వియత్నాం అంతా ఒకే కప్పు కింద పొయ్యిలు వెలిగించుకున్నట్టుంటుంది. చెంబంత గిన్నెలో నూడుల్స్ తెచ్చి నా ముందు పెట్టారు. ధర చూసి రూపాయల్లోకి మార్చబోతే సుజాత నా చెయ్యి పట్టుకుంది, "లెక్కెయ్యకే అక్కా, ముద్ద దిగదు" అని. మేధ చెవుల్లో హెడ్‌ఫోన్లు పెట్టుకుని వేరే టేబుల్ దగ్గర కూర్చుంది.

రవి కుర్చీ దగ్గరికి లాక్కున్నాడు. "వదినగారూ, మీవల్ల ఓ పని కావాలి. మా కంపెనీ వాళ్ళు డాలస్‌లో రోల్ ఇస్తామంటున్నారు. ఫ్యామిలీ మొత్తం షిఫ్ట్ అవ్వాలి. కార్లో వెళ్ళే మెల్‌బోర్న్ ట్రిప్ నుంచి రాగానే, మండేకల్లా ఎస్సో నోవో చెప్పెయ్యాలి. మేధేమో ఆ మాట వినగానే నాతో మాట్లాడ్డమే మానేసింది."

"మధ్యలో నేనేం చెయ్యను మరిదిగారూ?"

"దానికి స్కూల్లో అసైన్‌మెంట్ ఉంది. టర్నింగ్ పాయింట్స్ ఇన్ అమెరికన్ హిస్టరీ. కార్లో పోతూ మీరు అదే చెప్పండి. మీరు చెప్తే రాళ్ళు కూడా వింటాయని సుజాత అంటుంది. అమెరికా అంటే కాస్త ఇంట్రెస్ట్ వస్తే చాలు."

సుజాత రెండు చేతులూ ఎత్తేసింది. "నన్ను లాగకండి బాబూ. ఒకళ్ళకి కూర వడ్డిస్తే రెండోవాళ్ళు అలుగుతున్నారు."

నిజం చెప్పాలంటే నాకు ఆశ పుట్టింది. వీళ్ళు డాలస్ వెళితే చెల్లెలింటికి పోతున్నానని నేను మూడోసారి వీసాకి వెళ్ళొచ్చు. అందుకే వెంటనే ఒప్పుకున్నాను. ఒకటే షరతు, నేను ఆపమన్నచోట కారు ఆపాలి.

ఇప్స్‌విచ్: అమెరికాలో తుపాకి, ఇక్కడ పత్తి

మొదటి ఆపు ఇంటికి పక్కనే. ఇంత దగ్గర్లో ఏముంటుందని రవి విసుక్కున్నాడు. ఇప్స్‌విచ్‌లో నది ఒడ్డున పచ్చిక మీద దుప్పటి పరిచి, సుజాత చేసిన ఉప్మా ముందు పెట్టుకుని పాఠం మొదలుపెట్టాను. అమెరికాలో ఉత్తరం దక్షిణం కొట్టుకున్నప్పుడు దక్షిణాది పత్తి ఓడలు ఆగిపోయాయి. ఇంగ్లండు మగ్గాలు పత్తి లేక మూతబడ్డాయి. ఎక్కడ దొరుకుతుందా అని దొరలు లోకమంతా వెతికారు. మన దేశంలో పత్తి ధర ఆకాశానికంటింది. ఇదిగో, ఇక్కడ కూడా ఎకరాలకెకరాలు పత్తి వేశారు.

"ఏంటీ, ఇక్కడా?" రవి ఉప్మా చెంచా గాల్లోనే ఆపేశాడు. వాళ్ళది చీరాల, తాతగారు నేత నేసేవారు. "మా తాత బతికుంటే ఈ మాట చెప్పేవాణ్ణి వదినగారూ! అమెరికాలో తుపాకి పేలితే చీరాల్లో నూలు ధర మారేదన్నమాట."

కుక్కని నడిపించుకుంటూ వెళ్తున్న ముసలావిడ ఉప్మా వాసనకి ఆగింది. వాళ్ళ ముత్తాతల కాలంలో పత్తి మూటలు ఈ నది మీదే పడవల్లో వెళ్ళేవట. యుద్ధం ఆగాక అమెరికా పత్తి మళ్ళీ రావడంతో ఇక్కడి ధర పడిపోయిందని, చివరికి ఆవులు కొనుక్కున్నారని చెప్పింది. ఆవిడకి ఉప్మా పెట్టాం. జీడిపప్పులన్నీ ఏరుకుని ముందు తినేసి, ఇదేం గంజి, చాలా బాగుందంది. మేధ హెడ్‌ఫోన్లు తీసి మెళ్ళో వేసుకోవడం నేను గమనించాను గానీ గమనించనట్టు నటించాను.

సిడ్నీ: ఒంగోలు కారానికి చలించని పక్షి

సిడ్నీ రేవులో ఆ తెల్ల తెరచాపల కట్టడం ముందు అందరూ ఫోటోలు దిగుతుంటే నేను బెంచీ మీద పెరుగన్నం డబ్బా తీశాను. నంజుకోవడానికి చల్లమిరపకాయలు. ఒకటి నోటి దగ్గర పెట్టుకున్నానో లేదో, రివ్వుమని తెల్ల పక్షి వచ్చి ఎగరేసుకుపోయింది. అయ్యో, నోరు మండి చస్తుందే అని లేచి నిలబడ్డాను. అది రెయిలింగ్ మీద కూర్చుని గుటుక్కున మింగి, ఇంకోటి ఇమ్మన్నట్టు నా వైపు చూసింది. మా ఆయన ఇప్పటికీ ఆ మిరపకాయ ముట్టుకోడు!

పక్కన కూర్చున్న నడివయసావిడ నవ్వి మాట కలిపింది. ఆవిడ వంశంలో మొదటివాడు బట్ట దొంగతనం చేసి ఓడెక్కి వచ్చిన ఖైదీ అట. ఎంత గర్వంగా చెప్పిందనుకున్నారు! మన దగ్గర అలాంటి తాత ఉంటే పెళ్ళిచూపుల్లో ఆ పేరే ఎత్తరు. వీళ్ళు ఫోటో కట్టించి హాల్లో పెట్టుకుంటారట.

"విన్నావుటే?" అన్నాను మేధతో. "అమెరికా స్వతంత్రం తెచ్చుకోకపోతే ఆయన బహుశా అక్కడికే వెళ్ళేవాడు. అంతకుముందు ఇంగ్లండు తన ఖైదీల్ని అమెరికాకే తోలేది. ఆ తలుపు మూసుకున్నాక ఇటు పంపింది."

"సో ఆస్ట్రేలియా వాజ్ ప్లాన్ బీ?"

"దొరలకి అంతే."

"ఇక్కడ అంతకుముందే ఉన్న పీపుల్‌ని ఎవరూ అడగలేదు," అంది మేధ. మధ్యలో ఇంగ్లీషు ముక్క ఉన్నా, తెలుగులోనే అంది. నాకు లోపల పండగ.

కార్లో ఎక్కాక అసైన్‌మెంటు తీసింది. అమెరికా రాజ్యాంగం మొదట్లో 'వుయ్, ద పీపుల్' అని ఉంటుంది కదా, అందులో వుయ్‌ని తెలుగులో ఎలా అంటావని అడిగాను.

"ఈజీ. మేము."

"నన్ను కూడా కలుపుకుని చెప్పాలంటే?"

"మేము."

"కాదమ్మా. నన్ను కలుపుకుంటే మనం. నన్ను బయట నిలబెడితే మేము."

పిల్ల సీట్లోంచి ముందుకి వంగింది. పుట్టినప్పట్నుంచీ ఇంట్లో తెలుగు వింటోంది, ఈ తేడా ఎవరూ చెప్పలేదట. "వెయిట్. మీకు వుయ్‌కి రెండు వర్డ్స్ ఉన్నాయా? ఎదుటివాడు లోపలున్నాడో బయటున్నాడో మాటలోనే చెప్పేస్తారా? దట్స్ సో గుడ్!" అసైన్‌మెంటు కాగితం నా ముందుకి తోసి అడిగింది. "అయితే పెద్దమ్మా, వాళ్ళు రాసినప్పుడు అది మనమా, మేమా?"

ముప్పై ఏళ్ళలో ఎన్ని వందలమందికి ఆ పాఠం చెప్పానో. ఒక్కరూ ఈ ప్రశ్న అడగలేదు, నాకూ తట్టలేదు. బానిసలు అందులో లేరు, ఆడవాళ్ళు లేరు, ఆ నేల మీద మొదట్నుంచీ ఉన్నవాళ్ళు లేరు. "మేమే," అన్నాను. "ఆ తర్వాత వచ్చిన పెద్ద మలుపులు చాలావరకు బయటున్నవాళ్ళు దాన్ని మనం చెయ్యమని పోట్లాడినవే."

"వరల్డ్ వార్ టూలో అమెరికన్ ఆర్మీ బ్రిస్బేన్ వచ్చినప్పుడు బ్లాక్ సోల్జర్స్‌ని రివర్‌కి సౌత్ సైడే ఉండమన్నారు. స్కూల్లో చెప్పారు," అంది మేధ. "ఫైటింగ్‌కి మనం, డాన్స్‌కి మేము!"

రవి స్టీరింగ్ మీద చెయ్యి కొట్టి నవ్వాడు. వెనక సీటుకి వినబడేలా "శభాష్" అన్నాడు. మేధ జవాబివ్వలేదు గానీ మొహం తిప్పుకోలేదు.

కాన్‌బెర్రా కొండల్లో: కంగారూలు మేసే గచ్చు

చంద్రుడి మీద మనిషి కాలు పెట్టడం రవికి ప్రాణం. చిన్నప్పుడు ఆ బొమ్మ పలక మీద గీసుకునేవాడట. ఆ మొదటి అడుగు బొమ్మని ఆకాశంలోంచి అందుకుని లోకానికి చూపించిన కేంద్రం కాన్‌బెర్రా దగ్గరి కొండల్లో ఉండేదని నేను చెప్పగానే కారు దానంతటదే అటు తిరిగింది. దారంతా "మనం డాలస్ వెళ్ళాక రాకెట్ సెంటర్ చూద్దాం, మనం కొత్త ఇల్లు తీసుకుందాం, మనం కుక్కని పెంచుదాం" అని రవి ఒకటే ఊరింపు.

తీరా వెళితే అక్కడేమీ లేదు. పేద్ద యాంటెన్నా ఎప్పుడో వేరేచోటికి వెళ్ళిపోయిందట. ఒక సిమెంటు గచ్చు, నాలుగు బోర్డులు, పక్కన పచ్చిక మేస్తున్న కంగారూలు. చలికి పళ్ళు కొట్టుకుంటున్నాయి. సుజాత ఫ్లాస్కులోంచి టీ పోసింది. ఒక కంగారూ పొట్ట గోక్కుంటూ మా వంక చూసిన చూపుందే, అచ్చం మా ప్రిన్సిపాలు స్టాఫు మీటింగులో చూసే చూపు.

రవి గచ్చు మధ్యకి వెళ్ళి నిలబడ్డాడు. నేనూ వెళ్ళాను. "నా బ్యాచ్‌లో అందరూ అమెరికాలోనే ఉన్నారు వదినగారూ," అన్నాడు. "ఇరవై మూడేళ్ళప్పుడు నాకు వీసా రిజెక్టయింది. ఆర్నెల్లు ఇంట్లోంచి బయటికి రాలేదు. తర్వాత ఎవరో చెప్తే ఇక్కడికి అప్లై చేశా. ఇల్లుంది, ఉద్యోగముంది, అంతా బానే ఉంది. అయినా ఇప్పటికీ సప్లిమెంటరీలో పాసయినట్టే ఉంటుంది."

నాకు కళ్ళనీళ్ళు తిరిగాయి. ఆ బాధ నాకు కొత్తదా? నేనూ ఆ కిటికీ ముందు నిలబడి తిరిగొచ్చినదాన్నేగా. వెళ్ళు నాయనా, హాయిగా వెళ్ళు అని చెప్పేద్దామనుకున్నాను.

మేధ మా వెనకే ఉంది. అంతా విన్నది. వాళ్ళ నాన్న ముందుకొచ్చి నిలబడింది, ఎన్నో వారాల తర్వాత మొదటిసారి ఆయనతో మాట్లాడింది. తడుముకుంటూనే, మొత్తం తెలుగులో.

"నాన్నా, నువ్వు కార్లో మనం డాలస్ వెళ్తాం అన్నావు. అది తప్పు. మేము వెళ్తాం అనాలి. నన్ను అడగలేదు కదా. నేను అందులో లేను."

రవి మొహంలో రంగు పోయింది. సుజాత టీ కప్పులు ఒక్కొక్కటే సంచిలో సర్దేసింది. నాకు ఆ పిల్లని చూసి గర్వంగా ఉంది, ఆ తండ్రిని చూసి జాలిగా ఉంది. వ్యాకరణం నేర్పింది నేనే కాబట్టి భయంగా కూడా ఉంది. మెల్‌బోర్న్ దారిలో ఎవరూ పాఠం అడగలేదు.

విలియమ్స్‌టౌన్: కబురు అందని ఓడ

మెల్‌బోర్న్‌లో విలియమ్స్‌టౌన్ రేవు దగ్గర చేపా బంగాళాదుంపలూ కాగితంలో చుట్టి ఇచ్చారు. ఉప్పు తప్ప ఏమీ లేదు. నా సంచిలోంచి కారప్పొడి తీసి చల్లుకుంటే పక్క టేబుల్ మీది కుర్రాళ్ళు అది డ్రగ్సేమోనని చూశారు. అడిగితే చిటికెడు ఇచ్చాను. వాళ్ళు తాగిన నీళ్ళకి రేవు ఇంకాస్త తగ్గి ఉంటుంది.

కాసేపటికి మేధే అడిగింది, ఇక్కడేం జరిగిందని. అమెరికా అంతర్యుద్ధంలో దక్షిణాది వాళ్ళ యుద్ధనౌక ఒకటి మరమ్మతుకి ఈ రేవుకే వచ్చిందని చెప్పాను. జనం తిరనాళ్ళకి ఎగబడ్డట్టు దాన్ని చూడ్డానికి ఎగబడ్డారు. ఆ ఓడ బయల్దేరేటప్పుడు ఈ ఊరి కుర్రాళ్ళు కొందరు దొంగచాటుగా ఎక్కేశారు. ఎవరి యుద్ధమో, ఎందుకో వాళ్ళకి పట్టలేదు.

"తర్వాత?" అన్నాడు రవి. కాన్‌బెర్రా తర్వాత ఆయన నోటినుంచి వచ్చిన మొదటి మాట అది.

"తర్వాత ఆ ఓడ ఉత్తర సముద్రాల్లోకి పోయి శత్రువుల ఓడలు తగలబెట్టింది. అప్పటికే యుద్ధం అయిపోయింది, వీళ్ళ పక్షం ఓడిపోయింది. కబురు అందలేదు. అందేదాకా పోరాడుతూనే ఉన్నారు."

రవి తన ఖాళీ కాగితాన్ని మడతలు పెట్టాడు. నేను మామూలుగా అయితే ఇంకో అరగంట చెప్పేదాన్ని. ఎందుకో నోరు మూసుకున్నాను.

"వదినగారూ," అన్నాడు చివరికి, "నేనింకా ఆ వీసా లైన్లోనే నిలబడి ఉన్నానేమో."

"మరి ఆ పిల్లనెందుకు నిలబెట్టడం మీ వెనకాల?" అన్నాను. అనేశాక నాలిక కరుచుకున్నాను. ఆయన నన్ను తెచ్చుకుంది అమెరికా తరఫున వాదించడానికి. నేను అటు తిరిగిపోయాను. నా మూడో వీసా నా చేత్తోనే నీళ్ళలో కలుపుకున్నాను. ఆయన కోప్పడలేదు, నా కాగితంలోంచి ఒక బంగాళాదుంప ముక్క తీసుకుని తిన్నాడు. కారానికి దగ్గాడు.

కేరమ్ డౌన్స్: ప్రసాదం దగ్గర ప్రశ్న

చివరి రోజు కేరమ్ డౌన్స్ గుడికి వెళ్ళాం. శివుడూ విష్ణువూ ఒకే ప్రాంగణంలో కలిసి ఉంటారక్కడ. బయట గాలి కోసేస్తోంది, లోపల కర్పూరం వాసన. ఒంగోల్లో చెప్పులు పోతాయని మనసు సగం గుమ్మం దగ్గరే ఉంటుంది. ఇక్కడ దేవుడి మీద పూర్తిగా పెట్టగలిగాను. ఏం కోరుకోవాలో మాత్రం తేలలేదు. రవికి మంచి జరగాలంటే ఒకటి, మేధకి మంచి జరగాలంటే ఇంకోటి. ఇద్దరికీ నువ్వే చూడు స్వామీ అని వదిలేశాను.

దర్శనమయ్యాక క్యాంటీన్‌లో పులిహోర, దోశెలు తీసుకుని కూర్చున్నాం. మా తెలుగు చెవిన పడి పక్క బల్ల మీది పెద్దాయన ఇటు తిరిగాడు. గోదావరి యాస. రిటైరైన డాక్టరట, ఈ ఊళ్ళోనే చాలా ఏళ్ళుగా ఉంటున్నారట. మన వాళ్ళు ఎక్కడ కలిసినా అడిగే మొదటి ప్రశ్నే అడిగారు.

"మీదే ఊరండీ?"

ఆయన చూసింది మేధ వైపు. అందుకని అదే చెప్పింది. "స్ప్రింగ్‌ఫీల్డ్ లేక్స్ అంకుల్. బ్రిస్బేన్."

"అది సరేనమ్మా," నవ్వారాయన. "ఉండే ఊరు కాదు, అసలు ఊరు?"

మేధ వాళ్ళ నాన్న వైపు చూసింది. ఈ ప్రశ్నకి జవాబు ఎప్పుడూ రవే చెప్తాడు. చీరాల అనీ, ఫలానా వీధి అనీ, ఫలానావారి మనవడిననీ. వినీ వినీ ఆ పిల్లకి కంఠతా వచ్చు. నేనూ ఆ మాట కోసమే చూస్తున్నాను.

రవి చేతిలోని దోశె ముక్క ప్లేటులో పెట్టాడు.

"మాది స్ప్రింగ్‌ఫీల్డ్ లేక్సేనండీ," అన్నాడు. "నేను పుట్టింది చీరాల. మా ఊరు మాత్రం మా అమ్మాయి చెప్పిందే." సుజాత వైపు తిరిగి, గొంతు తగ్గించి అన్నాడు. "మండే ఫోన్ చేసి రావట్లేదని చెప్పేస్తా."

సుజాత పైట చెంగుతో కళ్ళొత్తుకుంది. పెద్దాయనకి ఏమీ అర్థంకాక, ఏమైనా తప్పడిగానా అని నన్నడిగారు. లేదండీ, చాలా మంచి ప్రశ్న అడిగారన్నాను. నాకూ ఏడుపొచ్చింది, అందులో ఓ చెంచాడు నా డాలస్ కోసం అని ఒప్పుకుంటాను.

మేధ ఖాళీ ప్లేటు తీసుకుని లేచింది. రెండడుగులు వేసి వెనక్కి తిరిగింది.

"పులిహోర అయిపోతోంది నాన్నా," అంది. "రా, మనం ఇంకో ప్లేట్ తెచ్చుకుందాం."